గుట్టమీది ఆడకప్పలు

కప్పను చంపడం ఎలాగో నేర్పడానికి ప్రభుత్వం నాకు పదకొండేళ్లు జీతమిచ్చింది. ఖమ్మంలో డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని, ఇప్పటికీ అదే చెబుతున్నాను. అప్పట్లో ప్రాక్టికల్స్ అంటే కప్పలే. ఎడమచేత్తో గుడ్డలో కప్పను బిగించి పట్టుకుని, చూపుడువేలితో దాని మూతిని కిందికి వంచి, తలకూ వెన్నుకూ మధ్య పల్లం ఎక్కడుందో గోటితో తడిమి, అక్కడ సూది దించి లోపల ఒక్క తిప్పు తిప్పాలి. కాళ్లు ఒక్కసారి బారుగా చాపుకుంటాయి, ఆ తర్వాత వేలాడతాయి. మొదటి రోజు సగం క్లాసు మొహాలు తిప్పేసుకునేది. "చేతకాకపోతే కామర్స్‌లో చేరండి" అని కసిరేదాన్ని. నా చేయి మంచిదని కాలేజీలో పేరు. సూది దించాక కూడా కప్ప కదిలిందంటే నాకు రోజంతా చిరాకే. తర్వాత కాలేజీల్లో కోతలు నిలిపేయమని ఆదేశాలొచ్చాయి, ట్రేలు అటకెక్కాయి. నేను జాలిపడి మానలేదు, మానమంటే మానాను. ఇది ముందే చెప్పుకోవాలి. లేకపోతే ఇకమీద చెప్పేది విని నన్ను కప్పలంటే ప్రాణమిచ్చే మనిషి అనుకుంటారు.

ములకలపల్లి దాటాక, తారు రోడ్డు అయిపోయి మట్టి బాట మొదలయ్యే చోట ఒక గుట్ట ఉంది. దాని పేరు చెప్పను. ఒక వానాకాలం పిల్లల్ని అక్కడికి ఫీల్డ్ ట్రిప్ తీసుకెళ్లాను. మధ్యాహ్నం వాన వెలిసీ వెలియకముందే వాగు పక్క బండల్లోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. రాయి మీద రాయి కొట్టినట్టుంది. మాకు దారి చూపిస్తున్నతను ఆ గుట్ట కింది ఊరివాడే, దాదాపు నా ఈడువాడు. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునే భాష వేరు, నాతో మాత్రం తెలుగు. నేను అతణ్ని అన్నా అనేదాన్ని, అతను నన్ను మేడం అనేవాడు. చప్పుడేంటని అడిగితే బండ సందులో చేయి పెట్టి బొటనవేలంత కప్పను తీసి నా అరచేతిలో పెట్టాడు. కాఫీపొడి రంగు, వేళ్ల చివర్లు చదునుగా గుండీల్లా ఉన్నాయి. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, దాని పేరు నాకు తెలియలేదు.

హైదరాబాద్‌లో కప్పల వర్గీకరణ తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు ఫొటోలు, అరుపు రికార్డింగు పంపాను. ఆయన వారం తర్వాత ఫోన్ చేశారు. "గోదావరి అవతలి కొండల్లో ఇలాంటిదే ఒకటుందమ్మా. మీది కూడా అదే అయితే పటంలో దాని గీత నది దాటి ఇవతలికి వస్తుంది, అంతే. అది కాకపోతే మాత్రం ఇదొక కొత్త జాతి. అప్పుడు మీ గుట్టే దాని లోకం." తేల్చేదెలా అని అడిగాను. మగవాటి కొలతలు, వేళ్ల మధ్య చర్మం, అరుపు, ఇవన్నీ రెండిటికీ దగ్గరగానే ఉన్నాయట. "ఆడదాన్ని తీసుకురండి. అవతలి కప్ప గుడ్లు నల్లగా, ఆవగింజల్లా బోలెడు ఉంటాయి. మీ కప్ప కడుపులో ఏముందో చూస్తే మాట తేలిపోతుంది. ఆడది లేకుండా నేను సంతకం పెట్టను" అన్నారు.

అంటే నాకు కావలసింది గుడ్లతో ఉన్న ఒక్క ఆడకప్ప. అది దొరికితే ఆ గుట్ట కప్పకు పేరు, దొరకకపోతే అది ఎవరిదో కొండ నుంచి తప్పిపోయి వచ్చిన కప్ప. దాచుకోవడం ఎందుకు, ఆ పేరు మీద నాకు ఆశ పుట్టింది. జీవితంలో నేను చేసిందల్లా పిల్లల చేత చదివించడమూ, కప్పల మెడల్లో సూదులు దించడమూ. ఒక్కటైనా కొత్తది లోకానికి చూపించి రిటైర్ కావాలనిపించింది.

మూడు వానాకాలాలు తిరిగాను. శనివారం ఖమ్మంలో ఖానాపురం హవేలిలోని ఇంటి నుంచి బయల్దేరి కొత్తగూడెం బస్సు ఎక్కడం, అక్కణ్నుంచి ములకలపల్లి, అన్న బైకు వెనక కూర్చుని గుట్ట కిందికి చేరడం. ఆదివారం చర్చి మానేసి కప్పల వెంట పడ్డానని ఇంట్లో పెద్ద గొడవ. కప్పల్లో అరిచేది మగదే. అరుపు వైపు వెళ్తే మగదే దొరుకుతుంది. ఆడది నోరు మెదపదు, ఎక్కడుంటుందో అంతు చిక్కదు. వాగులో రాళ్లు తిరగేసి తిరగేసి నా గోళ్లు ఊడాయి. ఒకసారి జారి బండ మీద పడితే గడ్డం పగిలి కుట్లు పడ్డాయి. ఆ కోపమంతా అన్న మీద చూపించాను. "పుట్టి పెరిగిన గుట్ట, ఒక్క ఆడకప్ప చూపించలేవా?" అని అరిచాను. అతను తలగుడ్డ విప్పి నా గడ్డానికి కట్టాడు.

ఫారెస్టు వాళ్లిచ్చిన పర్మిషన్ కాగితంలో ఉన్నంతవరకు, నాలుగు మగవాటిని చంపాను. ఇప్పుడు సూది అక్కర్లేదు, కడుపు మీద మత్తుమందు రాస్తే చాలు, అలాగే నిద్రలో పోతాయి. మిగిలినవాటిని వదిలిపెట్టాలి, కానీ పట్టినదాన్నే మళ్లీ పడుతున్నామో కొత్తదో తెలియాలి. దానికి మా పద్ధతి ఒకటుంది. చిన్న కత్తెరతో ఒక వేలి కొన కత్తిరించి వదిలేస్తాం. ఏ వేలు కోశామో పుస్తకంలో రాసుకుంటాం. ఒక నెత్తురు చుక్క వస్తుంది, కప్ప కాలు లాక్కుంటుంది, అంతే. మొదటిసారి కత్తిరించినప్పుడు అన్న పక్కన గొంతుక్కూర్చుని చూసి నవ్వాడు.

"మా కోడిపిల్లలకు గిట్లనే కొనవేలు కోస్తం మేడం. పక్కింటోళ్ల పిల్లలల్ల కలిస్తే ఎవలియి ఎవలియో తెల్వాలె గద."

"అవ్ అన్నా, అంతే. ఇవి నా కోళ్లు అనుకో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మూడేళ్లలో ఆ వాగు పొడుగునా అరిచే మగవాటిలో దాదాపు అన్నిటికీ వేలు కోశాను.

ఎండాకాలం నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఏప్రిల్, మే వచ్చాయంటే మాకు పేపర్లు దిద్దే డ్యూటీ. పైగా ఎండల్లో కప్పలు భూమిలోపలికి దిగిపోతాయని పుస్తకంలో చదివినదాన్ని కదా, ఆ మాటే పట్టుకున్నాను. నాలుగో ఏడు దిద్దుడు తొందరగా అయిపోయింది. అదే వారం అన్న ఫోన్ చేశాడు. "భూమి పండుగ మేడం. మీరెన్నడు జూడలే. రారి" అని పిలిచాడు.

తొలకరికి ముందు వచ్చే పండుగ అది. విత్తనం మట్టిలో పడకముందు ఊరి మగవాళ్లు వేటకు పోవాలి, తెచ్చినదాని నెత్తురు విత్తనాలకు తగలాలి. ఖాళీ చేతులతో దిగినవాణ్ని ఆడవాళ్లు ఊరి మొగలోనే పట్టుకుని పేడనీళ్లు కుమ్మరిస్తారు, చీపుళ్లతో బాదుతారు. ఆ ఒక్క పూట మొగుడు, మామ, మరిది అన్న తేడా ఉండదు. అడవిలో వేట ఎక్కడ మిగిలిందని? ఉన్నా ఫారెస్టు వాళ్లు ఊరుకోరు. కిందటేడు అన్న ఖాళీగా దిగాడట. మొదటి కుండ అతని భార్యే గుమ్మరించిందట. ఏడాదంతా ఆ మాట ఎత్తి ఎగతాళి చేస్తూనే ఉందని నాకు బైకు మీద చాలాసార్లు చెప్పుకున్నాడు. నవ్వుతూనే చెప్పేవాడు గాని, అది అతనికి బాగా నాటుకుందని నాకు అప్పుడు పట్టలేదు.

నేను చేరేసరికి మిట్టమధ్యాహ్నం. డోళ్లు చెవులు పగిలేలా మోగుతున్నాయి. ఆడవాళ్లు బాటకు అడ్డంగా తాడు కట్టి, కుండల్లో పేడనీళ్లు కలిపి నిలబడ్డారు. మగవాళ్లు గుట్ట దిగుతున్నారు. ముందు వచ్చినవాడి చేతిలో రెండు పిట్టలు, మెడలు విరిచినవి. తర్వాతి అతని దగ్గర ఏమీ లేదు. అయిదారుగురు మీద పడ్డారు. చీపురు కట్టలు వీపున ఫెళ్లుఫెళ్లున పడుతుంటే అతను పరుగెత్తబోయి బురదలో జారాడు, మోకాలు రాయికి కొట్టుకుని తెరుచుకుంది. నెత్తురూ పేడనీళ్లూ కలిసి కారుతుంటే చుట్టూ ఒకటే నవ్వు, అతను కూడా పళ్లు బిగబట్టి నవ్వుతున్నాడు. నిజం చెప్పాలంటే నాకు చూడ్డానికి బాగుంది.

ఆ తర్వాత అన్న దిగాడు. భుజాన ఒక వెదురు కర్ర. దానికి వరసగా, దవడల్లోంచి నార దూర్చి కట్టిన కప్పలు.

ఊరంతా ఘొల్లుమంది. "కప్పలేందిరా! కప్పలు గూడ వేటనా?" అని ఎవరో అరిచారు. ఊరి పెద్ద దగ్గరికొచ్చి ఒకదాన్ని నొక్కి చూశాడు. నోట్లోంచి నెత్తురు వచ్చింది. "నెత్తురుంది గద. వేటనే" అని తీర్పు చెప్పాడు. అన్న మొహం విప్పారింది. నన్ను చూసి కర్ర ఎత్తి చూపించాడు.

కాఫీపొడి రంగు. వేళ్ల చివర గుండీలు. తలలు చితికి, కాళ్లు బారుగా వేలాడుతున్నాయి.

నేను ఎలా నడిచానో తెలియదు. దగ్గరికి వెళ్లి చెంప మీద కొట్టాను. మామూలుగా కాదు, చేయి మండేంత. "నా కప్పల్ని చంపావేరా! మూడేళ్లు, మూడేళ్లురా!" అని అరుస్తూ రెండోది కొట్టబోయాను. ఆ చేయి పైకి లేవలేదు. వెనకనుంచి జడ పట్టి ఎవరో లాగారు. అతని భార్య. నేను వెనక్కి పడగానే కుండెడు పేడనీళ్లు నా మొహం మీద పడ్డాయి. కళ్లు, ముక్కు, నోరు అన్నీ నిండిపోయాయి.

"నా మొగణ్ని కొడతవా? మా పండుగల, మా ఊళ్లె నిలవడి కొడతవా?" అంటూ చీపురు తీసుకుంది. వీపు మీద ఒకటి, భుజం మీద ఒకటి. ఇంకెవరివో చేతులు కూడా పడ్డాయి. ఎవరో తన్నారు. నేనూ ఊరుకోలేదు, దొరికిన చేయినల్లా గీరాను, ఎవరి మణికట్టునో కొరికాను. యాభై ఏళ్ల లెక్చరర్ని, పేడబురదలో దొర్లి కొట్లాడాను.

"ఆగుర్రి! ఆగే, ఇడువు!" అని అన్న గొంతు వినిపించింది. అతను మధ్యలోకి వచ్చి భార్యను పక్కకు నెట్టాడు. అతని పెదవి పగిలి ఉంది, నా ఉంగరం తగిలినట్టుంది. "మేడం తనయి చంపిన్ననుకుంటుంది" అని అందరికీ చెప్పాడు. తర్వాత నా ముందు కూర్చుని, కర్ర నా ఒళ్లో పెట్టి, ఒక్కొక్క కప్ప కాలూ విడదీసి చూపించడం మొదలుపెట్టాడు.

"జూడురి మేడం. వేలు కోసినయి ఒక్కటన్న ఉందా? మీయి ముట్టలే. బండ సందులల్ల పొగబెట్టినం, అన్నీ బయటికొచ్చినయ్. మీయి ఏరి, చేతుల వట్టుకొని, పొగ తగ్గినంక మళ్ల లోపల్నే పెట్టిన. ఒకలి సొత్తు నేనెందుకు ముడత?"

అతని అరచేతులు కాలి బొబ్బలెక్కి ఉన్నాయి. వేడి బండల మీద నా కప్పల్ని ఏరుతూ కాల్చుకున్నాడు. సిగ్గుపడాల్సిన సమయం అది. నేను సిగ్గుపడలేదు, నా కళ్లు కప్పల మీద ఉన్నాయి. అవి నేను పట్టినవాటికి రెండింతలున్నాయి. కడుపులు ఉబ్బి, చర్మం పలచబడి, లోపల తెల్లగా ఏదో మెరుస్తోంది.

"బ్లేడు" అన్నాను. నా బ్యాగు బురదలోంచి అతనే తీసి ఇచ్చాడు. ఒకదాన్ని కడుపు కింద నుంచి గొంతు దాకా చీరాను. గుడ్లు నా వేళ్ల మీదికి జారాయి. సగ్గుబియ్యం గింజలంత, తెల్లటివి, లెక్కకు పాతిక కూడా ఉండవు. నల్లటిది ఒక్కటి లేదు. గోదావరి అవతలి కప్ప కానే కాదు. రెండోదాన్ని చీరాను, మూడోదాన్ని చీరాను. అన్నిట్లో అవే. నేను నవ్వాను. పేడ కారుతున్న మొహంతో, చేతుల నిండా నెత్తురుతో, పండుగ మధ్యలో కూర్చుని గట్టిగా నవ్వాను. నా జీవితంలో అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి కష్టంగా ఉంది, కానీ అది నిజం.

"వీటిని ఇన్నేళ్లూ నాకెందుకు చూపించలేదన్నా?" అని అడిగాను.

"మీరెన్నడన్న అడిగిండ్రా? అరిచేటియి ఏడున్నయంటే జూపిచ్చిన. ఎండకాలం నీళ్లు ఇంకినంక అన్నీ గుట్ట మీది ఊట కాడికే వోతయ్. ఇంకేడ తడి ఉంటది? ఆ ఒక్క సందులల్లనే కుప్పవడి ఉంటయ్. గది మా పిల్లలకు గూడ తెల్సు."

విత్తనాల గంపలో అన్ని కప్పల నెత్తురూ ఒక్కో చుక్క పడాలి. అది అయ్యేదాకా నాకు ఓపిక లేదు, పక్కనే నిలబడి తొందర పెట్టాను. అతని భార్య నన్ను చూసి చీదరించుకుంది. తర్వాతే చెంబెడు నీళ్లు తెచ్చి, తల వంచమని, నా జడలోంచి పేడ కడిగింది. "వేటకొచ్చి ఖాళీ చేతులతో పోయేది నువ్వే అనుకున్న" అంది. కడుపులు చితికిపోనివి ఏడు ఏరి సీసాలో వేసుకున్నాను. నాకు కావలసింది ఒక్కటి, దొరికింది ఏడు.

కొత్తగూడెం నుంచి ఖమ్మం బస్సులో సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న ఆవిడ వాసనకు కొంగు అడ్డం పెట్టుకుంది. హైదరాబాద్ పెద్దాయనకు గుడ్ల ఫొటో పంపితే వెంటనే ఫోన్ వచ్చింది. "వేరే జాతే అమ్మా. ఇక అనుమానం లేదు" అన్నారు. "ఎక్కడెక్కడ ఉందో రాయండి. ఎన్ని వాగుల్లో, ఎంత ఎత్తులో. ఏడు ఆడవి దొరికాయంటే బాగానే ఉన్నట్టు లెక్క."

ఫోన్ పెట్టేశాక ఆ మాటకు జవాబు రాయడానికి పుస్తకం తెరిచాను. గుట్ట ఒకటి. వాగు ఒకటి. ఎండాకాలం ఊట ఒకటి. ఉన్నవన్నీ అక్కడే ఉంటాయన్నాడు. పొగకు అన్నీ బయటికొచ్చాయన్నాడు. వేలు కోసినవి మాత్రమే మళ్లీ లోపల పెట్టానన్నాడు. నేను వేలు కోసినవన్నీ మగవే. ఆడది ఒక్కటైనా నాకు దొరికి ఉంటే, దాని వేలూ కోసి ఉండేదాన్ని, అతను దాన్నీ చేతుల్లో పెట్టుకుని కాపాడి ఉండేవాడు.

బస్సు ఎక్కడుందో, ఎప్పుడు ఖమ్మం వచ్చిందో నాకు గుర్తులేదు. కండక్టర్ దిగమని రెండుసార్లు అరిచాడట.

తొలకరి పడిన వారమే వెళ్లాను. అన్నకు చెప్పకుండా ఒక్కదాన్నే ఊట దాకా ఎక్కాను. బండ సందుల్లో మసి ఇంకా పోలేదు. టార్చి వేసి చూస్తే లోపల్లోపల పిల్లకప్పలు పొగకు చచ్చి ఎండి రాతికి అతుక్కుని ఉన్నాయి. గోటితో గీకి లేపాల్సి వచ్చింది. ఎక్కడో ఒకటో రెండో ఆడవి మిగిలే ఉంటాయని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వానాకాలమంతా వెతికాను. దొరికినవన్నీ నావే, వేలు కోసిన మగవే.

ఒక ఆదివారం పొద్దున చర్చికి తయారవుతుంటే అన్న ఫోన్ చేశాడు. దసరా పోయి రెండు వారాలైంది. మామూలుగా శ్రావణం చివరికల్లా ఆ కప్పల అరుపు ఆగిపోతుంది. జత కుదిరాక ఇక అరవాల్సిన పని ఉండదు.

"మేడం, వాగు కాడున్న. జర ఇనుర్రి" అని ఫోన్ బండల వైపు పెట్టాడు. టక్, టక్. ఒకటి కాదు, వాగు పొడుగునా. ఒకటి ఆగకముందే ఇంకొకటి అందుకుంటోంది.

"ఎన్నడు గింత అరవలే మేడం. ఇంక ఆగలే. పొద్దుందాక ఒకటే అరుసుడు. మస్తు వెరిగినయనుకుంట. మీకు జెప్తే ఖుషీ అయితరని చేసిన. మంచిదే గద మేడం?"

వెళ్లినప్పుడల్లా అతని పెదవి మీద నేను చేసిన గాటు ఇంకా తెల్లగా కనిపిస్తుంది. చెబుదామని నోరు తెరిచాను. ఎవరు ఎవర్ని చంపారో ఎక్కణ్నుంచి మొదలుపెట్టి చెప్పాలో తెలియలేదు.

"అవ్ అన్నా. మంచిదే" అన్నాను.

నేను ఇంకాసేపు వినాలని, అతను ఫోన్‌ను అలాగే వాగు వైపు పట్టుకుని నిలబడ్డాడు.